పులికి డూపు వద్దు

ఘుగ్గుస్, గని కాలనీ, మహారాష్ట్ర

పెద్దక్కకు తమ్ముడు రాజయ్య కాళ్లు మొక్కి రాస్తున్నది.

అసలు ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు తిట్టడం ఆపితేనే కదా నేను మాట్లాడేది! కాగితమైతే మధ్యలో అడ్డం రాలేవు. నీ నడుం నొప్పి తగ్గిందా? బావ షుగరు గోళీలు వేళకు మింగుతున్నాడా? ఇక్కడ మేమంతా బాగున్నాం. ఎండ సంగతి, బొగ్గు దుమ్ము సంగతి రాయను. గనిలో చేరిన నాటి నుంచి ప్రతి ఉత్తరంలో అవే రాశాను.

టెంటు సామాన్లు కిరాయికిచ్చే శంకర్ ఇరవై ఏళ్ల కింద తీసిన 'బొగ్గుపులి' సినిమా గుర్తుందా? నేను హీరోను. లారీ మీద నుంచి దూకితే చూసి నువ్వు ఏడ్చావు. ఇప్పుడు రెండో భాగం తీస్తున్నాడు. పులికి ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. ముసలి మొహం పోస్టర్ మీద వేస్తే జనం రారని శంకర్ లెక్క. అందుకని పాత ఫొటో వేయాలట, దూకడానికి నాగపూర్ నుంచి డూపును పిలవాలట. ఆ డూపు ఖర్చుకు ఊళ్లలో ప్రచారానికి జీపు తిప్పే మాట ఎగిరిపోయి, చౌరస్తాలో ఒక్క ఫ్లెక్సీ మిగిలింది.

అచ్చువేసినవాడు తన దగ్గరున్న పూలదండ చట్రంలోనే నా పాత ఫొటో ఇరికించాడు. సినిమా పేరు తెలుగులో. మన పిల్లలకే తెలుగు చదవడం రాదు, ఇక మరాఠీవాళ్లకేం వస్తుంది? ఇక్కడ పోయినవాళ్లకు కూడా చౌరస్తాలో ఇట్లాగే ఫ్లెక్సీ కడతారు. మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైతే తీశాను. పక్కింటి మరాఠీ ఆమె. చావింట్లో పొయ్యి వెలగదని జొన్నరొట్టెలు, పప్పు తెచ్చింది.

"అగ బాయీ! కాకా, తుమ్హీ?" అంటూ గోడకు ఆనుకుంది.

"నేనేనమ్మా. రొట్టెలు ఇటియ్యి" అన్నాను. వేడిగా ఉన్నాయి, తిన్నాం. తిని నేరుగా శంకర్ దుకాణానికి పోయాను.

"బతికుండంగనే సంపినవ్ గదరా! ఇప్పటి మొహం ఎయ్యి, తెల్ల మీసంతోని. డూపు పైసలు జీపుకు పెట్టు. నేనే దుంకుత."

"కాలిరిగితె ఏంది మామా?"

"మూడో భాగానికి కథ దొరుకుతది తియ్."

"అత్త నన్ను చీపురుతోని కొడ్తది."

"అది వేరే ఫైటు."

మీసమంటే గుర్తొచ్చింది. మన మేనమామ మీసానికి బొగ్గు పూసుకుని పెళ్లిచూపులకు పోయి, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి సగం మీసం గ్లాసులో వదిలి వచ్చాడు కదా! ఆ పరువు నాకొద్దు.

మొన్న బుధవారం దూకాను. కింద ఇసుక పోశారు. మొదటిసారి కెమెరా ఆడలేదంటే మళ్లీ ఎక్కి మళ్లీ దూకాను. మోకాలు వాచింది, విరగలేదు, భయపడకు. మూలుగు కూడా నాదే, ఎవరిదీ అరువు తేలేదు. జీపు పద్మాపూర్, సాస్తి దాకా తిరుగుతోంది. ముందే చెబితే వద్దంటావని దూకాక రాస్తున్నాను. మళ్లీ చెబుతున్నా, భయపడకు.

ఇటు వచ్చేవాళ్లుంటే మామిడికాయ తొక్కు ఒక డబ్బా పంపు. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. తిట్టుకుంటూనైనా సరే, నన్ను దీవించు.

ఇంత రాసేసరికి శంకర్ కొత్త ఫ్లెక్సీ తెచ్చాడు. తెల్ల మీసమే వేశాడు. ఇద్దరం చౌరస్తాకు పోయి కట్టి వచ్చాం. నిచ్చెన నేనే ఎక్కాను.

నీ తమ్ముడు
రాజయ్య