వెనక నిలబడే మనిషి

ఫిబ్రవరి 4, 2002, సోమవారం

లారీకి ఎఫ్.సి. వచ్చేసింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెనక నిలబడి, మా ఆయన్ని బ్రేకు తొక్కమన్నాడట. రెండు ఎర్ర లైట్లూ వెలగాలి, ఇండికేటర్లు పసుపుపచ్చగా ఆరుతూ వెలగాలి. ఒక్కటి తేడా వచ్చినా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వరు. లారీ కదలకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

అందులో నా వాటా కూడా ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచి పొద్దున్నే లారీ వెనక నిలబడేది నేనే. ఆయన బ్రేకు తొక్కి వెలిగిందా అని అరుస్తాడు. వెలిగింది అని నేను అరుస్తాను. నల్లపాడు బజారంతా వింటుంది. రోజు మొత్తం మీద ఆయన నన్ను నమ్మి అడిగే మాట అదొక్కటే. నాకది చాలు.

ఫిబ్రవరి 9

అన్నం తింటూ నోరు జారాడు. చీమకుర్తిలో గ్రానైట్ లోడు ఎత్తాక ఎడమ బ్రేకు లైటు వెలగట్లేదని బిందుమాధవి చెప్పిందట. ఎవరా బిందుమాధవి అన్నాను. క్వారీ దగ్గర టిఫిన్ బండి ఆవిడట. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆవిడే వెనక నిలబడి చెబుతుందట. ఎన్నాళ్ల నుంచి అన్నాను. ఎప్పట్నుంచో అన్నాడు. పులుసు పొయ్యమన్నాడు.

పొయ్యలేదు.

ఫిబ్రవరి 10

బిందుమాధవి. పేరు కూడా ఎంత పొడుగు.

ఫిబ్రవరి 12

కడుపు మండిపోతోంది. ఇడ్లీ పెట్టిందా, డబ్బులు తీసుకుందా, అయిపోయింది. నా చోట నిలబడటం ఏమిటి? కాస్త పక్కకి నిలబడితే అద్దంలో కనిపిస్తాం కూడా. ఆవిడ ఏ చీర కట్టుకుంటుందో. నేనేమో పాత నైటీలో, తలకి తువ్వాలు చుట్టుకుని.

ఈ రోజు మొన్న రంజాన్‌కి కొన్న చీర కట్టుకుని నిలబడ్డాను. ఎక్కడికన్నా వెళ్తున్నావా అన్నాడు. ఇక ఆగలేక ఆవిడ సంగతి అడిగేశాను. నవ్వాడు. పిచ్చి కరీమూ, వెనక ఎవరుంటే వాళ్లనే అడుగుతా, ఎవరైతే ఏంటే అన్నాడు.

ఆ మాటకే ఎక్కువ ఏడుపొచ్చింది. మలుపు దగ్గర చీమకుర్తి వైపు ఇండికేటర్ వేస్తే దాన్ని చూసినా ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 14, పొద్దున్న

మళ్లీ చీమకుర్తి ట్రిప్పు. వెలిగిందా అన్నాడు. రెండూ ఎర్రగా వెలుగుతున్నాయి. వెలగలేదు అన్నాను.

దిగి బల్బులు మార్చాడు. వెలగలేదు అన్నాను. హోల్డర్లు గీకాడు. వెలగలేదు. ఫ్యూజు చూశాడు. చొక్కా తడిసిపోయింది. ఈ పూటకి ఇక్కడే ఉంటాడు, ఆవిడ ఇడ్లీలు చల్లారిపోతాయి అనుకున్నాను. సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు.

చివరికి సీటుకీ బ్రేకు పెడలుకీ మధ్య ఒక కర్ర బిగించి, తనే వెనక్కి వచ్చి చూశాడు. రెండూ వెలుగుతున్నాయి. నా వంక చూశాడు. కర్ర ఊడదీసి, లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 16

అడగలేదు. కర్ర పెట్టుకుని, దిగొచ్చి తనే చూసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఫిబ్రవరి 18

ఈ రోజూ కర్రే. సీటు పక్కన దానికో చోటు కూడా ఇచ్చాడు, గుడ్డతో తుడిచి మరీ పెట్టాడు. బిందుమాధవి సంగతి మర్చిపోయాను. ఇప్పుడు నా కుళ్లంతా ఆ కర్ర మీదే. సిగ్గుగా ఉంది, అయినా కుళ్లే.

ఫిబ్రవరి 19

కర్రని పొయ్యిలో పెట్టాను. టీ కాచాను. ఆయనే తాగాడు.

ఫిబ్రవరి 20

కర్ర కోసం వెతికాడు. ఇటుకైనా పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. ఎక్కి బ్రేకు తొక్కాడు. అడగలేదు. నేను వెనకే ఉన్నాను. ఎడమది వెలగలేదు. ఒట్టు, నిజంగానే వెలగలేదు. ఎడమది వెలగలేదు అని అరిచాను.

దిగేటప్పుడే ఆయన చేతిలో కొత్త బల్బు ఉంది.