మోతీ రక్తం రెండో సీసా గురించి

ఆర్మూర్,
తేది 17-3-1994.

పశువైద్య శాఖ జిల్లా అధికారి గారి సముఖమునకు, పసుపు కమీషన్ వ్యాపారి రామకిష్టయ్య గారి కుమార్తె విద్యావతి, బి.ఎస్సీ. (జంతుశాస్త్రం), సమర్పించుకొను అర్జీ.

విషయం: మా కుక్కకు చేసిన అడ్రినల్ గ్రంథుల పరీక్షలో రెండు నమూనాలు ఒక్క సీసాలో కలిసిపోయి, చికిత్స నిలిచిపోయిన సంగతి.

అయ్యా,

1. మోతీ ఆరేళ్ళ ఆడకుక్క, మా దుకాణం కాపలా. రెండు నెలలుగా నాలుగు రోజులు బాగుండుట, రెండు రోజులు వాంతులతో కాళ్ళు వణికి పడిపోవుట జరుగుచున్నది. పశువుల దవాఖాన డాక్టరు భూమేశ్వర్ గారు చూచి, మూత్రపిండాల పైనుండు అడ్రినల్ గ్రంథులు పని మానివేసినవేమోనని అనుమానించిరి. మూత్రపిండాలే చెడినా ఇట్లే ఉండును గనుక, పరీక్ష లేకుండా మందు మొదలుపెట్టజాలనని చెప్పిరి.

2. పరీక్ష ఇది. మొదట రక్తం తీయవలెను. ఆ గ్రంథులను తట్టిలేపు హార్మోనుకు ప్రయోగశాలలో చేసిన నకలును సూదిమందుగా ఇవ్వవలెను. సరిగ్గా గంటకు మళ్ళీ రక్తం తీయవలెను. గ్రంథులు బాగుంటే రెండో రక్తంలో, వాటి నుండి ఊరు కార్టిసాల్ అను పదార్థం పెరుగును, చెడితే పెరగదు. జవాబు రెండింటి నడుమ తేడాలోనే ఉన్నది. ఈ ఒక్క వాక్యం తమరు మరొకసారి చదువ ప్రార్థన.

3. ఆ సూదిమందు ఇక్కడ దొరకలేదు. బహ్రెయిన్‌లో పని చేయు మా అన్న నాగేశ్వర్ ఒకే ఒక్కటి సంపాదించి, చికిత్సకు కావలసిన, కార్టిసాల్‌కు బదులు పని చేయు మాత్రలతో సహా, మంచు పోసిన ఫ్లాస్కులో సెలవు మీద వచ్చే మనిషితో పంపెను. మాత్రలకు మంచు అక్కర లేదని అన్నకు తెలియదు.

4. ఈ నెల 4న పరీక్ష జరిగినది. మొదటి రక్తం తీసి, సూదిమందు ఇచ్చి, డాక్టరు గారు ఈనలేక పడిపోయిన బర్రెను చూడ వేల్పూర్ పోయిరి. నేను గడియారం చూస్తూ గంటసేపు మోతీని ఒడిలో పట్టుకొని కూర్చున్నాను. కాంపౌండరు కాశీరాం గారు రెండో రక్తం తీసిరి. రక్తం గడ్డకట్టి తేట పైకి వచ్చినాక సీసాలకెత్తుతారని, నేను మోతీకి నీళ్ళు తాగించి వచ్చాను. బల్ల మీద ఒక్కటే సీసా ఉన్నది.

"కాకా, రెండో సీస ఏది?"

"రెండు కలిపి దీంట్లనే పోసిన బిడ్డా. కాయితంల కుక్కకొక్క గీతనే ఉన్నది. రెండు పంపితె రెండో కుక్క ఏదని అడుగుతరు. ఎవల్ని సూపియ్యాలె?"

సీసాకు మూత బిగిస్తూ ఆయనే మళ్ళీ అన్నారు: "మీ దుకాండ్ల నాలుగు సంచుల కొమ్ములు కలిపి గద నమూనా సూపేది. గిదీ గంతనే."

5. ఇక్కడ నా తప్పు కూడా ఉన్నది, దాచను. పసుపు దుకాణంలో పుట్టినదాన్ని. పై సంచి ఒక్కటే చూపేవాడు మోసగాడని, అన్నీ కలిపి చూపేవాడే పెద్దమనిషని వింటూ పెరిగాను. ఆయన మాట ఒక్క నిమిషం సబబుగానే తోచినది. ఆ నిమిషంలోనే కాగితం మీద సాక్షి సంతకం పెట్టాను. తేడా ఆ సీసాలోనే కలిసిపోయిందని మా ఇంటి మెట్లెక్కుతుంటే తెలిసింది. తిరిగి పోయేసరికి సీసా పెట్టిన డబ్బా హైదరాబాదు ప్రయోగశాలకు బస్సెక్కినది. ఆపినా కలిసినవి విడిపోవు గనుక ఆపలేదు.

6. మొన్న జవాబు వచ్చినది: "ఒక్క నమూనా మాత్రమే అందినది. పోల్చుటకు రెండవది పంపగలరు."

డాక్టరు గారు కోపం చేయలేదు. "రిపోర్టు లేకుండ నేనెట్ల మొదలువెట్టాలె విద్యావతీ? కిడ్నీలే పోయి ఉంటె? జిల్లా పెద్దసారు రాసిస్తె ఇప్పుడే ఇస్త. నువ్వైతే మాత్ర ముట్టకు. అది కడుపుల వడ్డంక మల్ల పరీక్ష చేస్తె, మనమిచ్చిన మందునే మనం కొలుసుకున్నట్టయితది."

మా నాయన, "డిగ్రీ సదివిపిచ్చింది కుక్కకు అర్జీలు రాయనీకేనా" అన్నారు. అని, మోతీ పడుకున్న గోనెసంచిని తనే నీడలోకి జరిపారు.

7. మూడు రోజులుగా మోతీ తనంతట లేవడం లేదు. పిలిస్తే కళ్ళు మాత్రం తిప్పుతుంది. మరో సూదిమందు తేగల మనిషి జ్యేష్ఠమాసంలో గాని రాడు.

కావున తమరు దయయుంచి, (అ) ఒక జంతువు రక్తాన్ని రెండు సీసాలలో, తీసిన వేళలు రాసి పంపవచ్చునని దవాఖానకు ఉత్తరువు ఇవ్వవలెననియు, (ఆ) ఆ పరీక్ష కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టుటకు డాక్టరు గారికి అనుమతి ఇవ్వవలెననియు వేడుకొనుచున్నాను. జ్యేష్ఠం దాకా ఆగే ఓపిక మోతీకి లేదని కూడా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
విద్యావతి

తా.క. 18వ తేది, పొద్దున. కవరు అంటించక ముందే మోతీ చెవులు, కాళ్ళు చల్లబడినవి. డాక్టరు గారు క్యాంపులో ఉన్నారు, రేపు గాని రారు. ఎవరినీ అడగలేదు. మాత్ర సగం విరిచి బెల్లంలో పెట్టి మింగించాను. ఇక జ్యేష్ఠంలో సూదిమందు వచ్చినా ఆ పరీక్ష పనికిరాదు. కనుక పైన (అ) అని రాసినది మోతీ కోసం కాదు, ఇంకెవరి జంతువుకైనా పనికివస్తుందని ఉండనిచ్చాను. సగం చాలునో, ఎక్కువైనదో నాకు తెలియదు. మా పాఠ్యపుస్తకంలో గ్రంథి బొమ్మ ఉన్నది గాని, మోతాదు లేదు. ఈ కాగితం తమ బల్ల మీదికి వచ్చేసరికి ఈ సాయంత్రం దాటిపోయి ఉంటుందని తెలుసు. అయినా అడుగుతున్న సార్, పొద్దుగూకినంక మిగిలిన సగం ఇయ్యాల్నా, వద్దా? గా ఒక్క ముక్క రాసి పంపండి, చాలు.