ఉడికిన విత్తనం

అమ్మా,

నువ్వు లేకుండా తీసిన మొదటి పసుపు ఇది. విత్తనానికని నువ్వు ఏటా విడిగా దాచే పచ్చి కొమ్ములను కూడా ఆర్మూర్ మార్కెట్‌కు పోయే సరుకుతో కలిపి ఉడకబెట్టేశాను. ఉడికితే ఇక మొలవదు. బయాలజీ టీచర్ని, నాకే గుర్తులేదు.

ఇవాళ క్లాసులో అదే పాఠం. పసుపుకు కొమ్మే విత్తనమని, పిల్లమొక్క అచ్చం తల్లేనని ఓపిక లేకున్నా చెప్పాను. నా పొరపాటూ చెప్పాను. నందిపేట్ నుంచి వచ్చే సుజాత లేచింది.

"మేడమ్, నిరుడు మీ అమ్మ ఇచ్చిన ఇత్తనమే మా చేన్ల పెట్టినం."

సాయంత్రం వాళ్ళమ్మ సంచెడు కొమ్ములు తెచ్చింది. "మీ అమ్మయే, తీస్కో బిడ్డా. గివన్న ఉడకబెట్టకు."

ఒకటి విరిచాను. నీ అరచేతుల రంగే. అచ్చం తల్లిలా పుట్టడం పసుపుకే చేతనైందమ్మా, నాకు కాలేదు.