రెక్క మీద నల్ల చుక్క

14-8-2001, మంగళవారం

రాత్రి పెరట్లో బల్బు కింద పెట్టిన నీళ్ళ పళ్ళెంలో పొద్దునకి ఎన్ని రెక్కల పురుగులో! ఈయన లెన్సు పెట్టి ఒక్కొక్కటీ చూసి, "అన్నీ గడ్డిలో బతికేవే. వరికేం చెయ్యవు" అన్నారు. గోడ అవతల నిలబడ్డ సత్తిబాబు గారు, "అయితే మందు కొట్టక్కర్లేదన్నమాట మాస్టారూ" అని వెళ్ళబోయారు. ఆయన చేను మా పెరటి వెనకే.

నాకు లెన్సు లేకుండానే కనిపించింది. పసుప్పచ్చ రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క. వరి కాండం తొలిచే పురుగుకి తల్లి అదే. ఆ గుర్తు పెళ్ళయిన కొత్తలో నాకు నేర్పింది ఈయనే.

ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పిన మనిషిని నలుగురిలో ఎలా తప్పు పట్టను? అలాగని పక్కవాళ్ళ చేను పోతుంటే ఊరుకోనా?

"ఉండండి సత్తిబాబు గారూ" అన్నాను. "ఏవండీ, లెన్సు మసకబారినట్టుంది. తుడిచిస్తాను, మళ్ళీ చూడండి."

కొంగుతో తుడిచి ఇస్తే ఈయన తీసుకోలేదు.

"మసక లెన్సుకి కాదులే. నువ్వు చూసి చెప్పు."

చెప్పాను. సత్తిబాబు గారు గబగబా చేలోకి వెళ్ళారు.

కంటి ఆపరేషన్ మాటెత్తితే ఇన్నాళ్ళూ కసురుకునేవారు. ఇవాళ ఎత్తాను, కసురుకోలేదు. అదే భయంగా ఉంది.

సాయంత్రం పురుగుల నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఇవాళ్టిది నువ్వు రాయి" అన్నారు. ఒక్కో అక్షరం రెండు గీతలంత పెద్దగా రాశాను. కాసేపటికి వచ్చి చూద్దును కదా, ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చదువుకుంటున్నారు.