సగం మోతాదు

అమ్మకు నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను. మీరంతా కూడా అలాగే ఉన్నారని చెల్లి రాసిన నాలుగు ముక్కలతో తెలిసి మనసు కుదుటపడింది.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. శిబిరం పెట్టిన బడి గదిలో పన్నెండుమందిమి పడుకుంటున్నాం, వంటావిడ గురక తప్ప ఏ లోటూ లేదు. వరద తీసింది కానీ బావుల నిండా బురదే. వాగు నీళ్లు తొట్టిలోకి తోడి, తేరాక క్లోరిన్ మందు కలిపి, అరగంట ఆగి కుళాయిలు తిప్పడం నాకప్పగించిన పని. తిప్పేముందు, మందు చాలిందో లేదో తెలియడానికి గ్లాసుడు నీళ్లలో చిన్న బిళ్ళ వేయాలి. గులాబీ రంగు తేలితేనే అవి తాగే నీళ్లు.

శిబిరంలో నీళ్లు తాగి జనం జబ్బుపడ్డారని పేపర్లో చదివానన్నావు, అది మీది కాదు కదా అన్నావు. రెండు ఉత్తరాల్లో దాటవేశాను. మాదేనమ్మా. నా తొట్టే.

ఇక్కడ ఒక ముసలమ్మ ఉండేది. నన్ను 'మందుల పిల్ల' అనేది. "ఆస్పత్రి కడిగిన నీళ్లు మాకు పోస్తావటే, ముందు నువ్వు తాగు" అనేది. నేను తాగి చూపించినా మూతి ముడుచుకుని, బిందె చంకనెత్తుకుని వాగుకు పోయేది. ఆవిడ వెనక ఇంకో పదిమంది. బతిమాలాను, పోట్లాడాను. చివరికి ఒక పొద్దున మందు సగమే వేశాను. వాసన లేకపోతే తాగుతారు, ఉత్త వాగు నీళ్లకంటే నయమే కదా అనుకున్నాను. బిళ్ళ వేస్తే రంగు వచ్చీ రానట్టుంది. వచ్చిందనే సరిపెట్టుకున్నాను.

ముసలమ్మ గటగటా తాగి, "ఇప్పుడు దారికొచ్చావే" అని నా బుగ్గ గిల్లింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. మర్నాడూ సగమే వేశాను. మూడోనాడు వాంతులు, విరేచనాలు. నలభైమంది పడ్డారు. అందరూ లేచారు, ఆవిడ తప్ప.

ఇక్కడ నీళ్ల పనులు చూసే ఇంజనీరుగారికి ఆరోజే చెప్పేశాను. ఆయన తిట్టలేదు, మందు కొలిచే గ్లాసు నా చేతిలోంచి తీసేసుకున్నారు. జనానికి మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నిన్న ముసలమ్మ కొడుకు, తాపీమేస్త్రీ, నా దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "మీ మాట విని అమ్మ వాగుకు పోవడం మానేసిందమ్మా. ఆఖరిదాకా మీ నీళ్లే తాగింది" అన్నాడు. ఈ పొద్దుటి నుంచి తొట్టి చుట్టూ బురద కాకుండా గచ్చు వేస్తున్నాడు, కూలి వద్దన్నాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు.

ఈ ఉత్తరం అంటించి అతని దగ్గరికే వెళ్తున్నాను. చెప్పడం ఎలాగో తెలియక, ముందు నీకు చెప్పి చూశానమ్మా.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి