మసి లేని డ్యూటీ బట్టలు

కమాన్‌పూర్,
బుధవారం.

కోడలు సంతోషికి అత్త సమ్మవ్వ దీవెనలు. ఎవరితోని రాయిస్తలేను, సొంతంగ రాస్తున్న. రాత్రి బడిల నేర్సుకున్న అక్షరాలు, వంకర ఉంటయి. నువ్వే మెడ వంచి సదువుకో.

ఫోన్ చేద్దునుగని నీ మరిది సదానందం స్పీకర్ పెడ్తడు. మన ముచ్చట వాడకట్టంత ఇంటది. మొన్న నువ్వు "తలనొస్తుంది అత్తమ్మా" అన్నందుకు నలుగురు ఆడోళ్లు వచ్చి "మీ కోడలు నీళ్లు పోసుకున్నదా" అని అడిగిపోయిండ్రు. అందుకే ఉత్తరం. పాల సదయ్య పొద్దుగాల మీ కాలనీకి వస్తడు గద, ఆయన సంచిల పెడ్తున్న. నువ్వు గూడ ఆయన చేతికే ఇయ్యి.

సంగతేందంటే, మక్క చేనుల దిష్టిబొమ్మకు ఏటేటా మా ఉపేందర్ పాత డ్యూటీ బట్టలు పంపుతవు. ఈసారియి సూసి నా గుండె జారింది. ఒక్క మసి మరక లేదు! మీ మామ బొగ్గుబాయి దిగినన్నొద్దులు నేను బట్టలు పిండితే ఎన్ని నీళ్లు మార్సినా నల్లగనే వచ్చేది. ఇవి సూస్తే పెండ్లికి పోయొచ్చినట్టున్నయి.

నిజం చెప్పు బిడ్డా. వాడు డ్యూటీకి పోతున్నడా, నాగాలు పెడ్తున్నడా? మీ మామ దగ్గి దగ్గి, డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే, కొడుకుకు ఇప్పిచ్చిన నౌకరి అది. అది పోతే ఆయన ఫొటో ముంగట ఏ మొఖం పెట్టుకొని నిలబడాలె?

నీ అత్త,
సమ్మవ్వ

తా.క.: ఆ బట్టలు బొమ్మకు తొడిగిన. పిట్టలు భయపడ్తలేవు. ఆఫీసరు వచ్చిండనుకొని పక్కపొంటి వచ్చి కూసుంటున్నయి.


గోదావరిఖని,
గురువారం.

అత్తమ్మ పాదాలకు సంతోషి నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. నేను ఏడో తరగతి దాకానే చదివాను కాబట్టి తప్పులుంటే మన్నించండి. పెళ్లయినప్పటి నుంచి మీతో ఇన్ని మాటలు ఒక్కసారే మాట్లాడడం నాకు ఇదే మొదలు. మీరు ఎదురుగా ఉంటే నాకు "ఊ" తప్ప ఇంకో మాట రాదు.

ఆయన నాగాలు పెట్టడం లేదు. రోజూ మొదటి షిఫ్టుకు టిఫిన్ డబ్బా పట్టుకుని పోతున్నారు. కాకపోతే మూడు నెలలుగా గని దిగడం లేదు. కంపెనీ వాళ్లే వేరే పనిలో పెట్టారు. ఎండలో పని. పొద్దంతా అద్దాలు కడగాలి, తుడవాలి. అందుకే బట్టలకు మసి లేదు. మీరు బాధపడతారని ఆయన మీకు చెప్పొద్దన్నారు. నేను చెప్పానని మీరూ చెప్పకండి.

మీ కోడలు,
సంతోషి

తా.క.: మీ ఉత్తరం సంచిలో పాలకు తడిసింది. "పిట్టలు" అన్న మాట దగ్గర ఈగలు వాలాయి. సదయ్య కాకకు ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చి పంపుతున్నాను.


కమాన్‌పూర్,
శనివారం.

సంతోషికి అత్త రాసేది. దీవెనలు ఉన్నయి గని ఇప్పుడు రాసే ఓపిక లేదు.

అద్దాలు కడుగుడా? ఎవని అద్దాలు? బస్సులయా, లారీలయా? పర్మనెంటు నౌకరి ఉన్న పిలగాన్ని ఎండల నిలబెట్టి అద్దాలు తుడిపిస్తరా? వాడు నీతోని అబద్ధం చెప్పిండు. కంపెనీ ఎక్కడన్న అద్దాలు కడిగిస్తదా! నౌకరి పోయింది. నీకు చెప్పలేక పొద్దున డబ్బా పట్టుకొని పోయి బండ్లు తుడుస్తున్నడు.

నేను ఆగలేక మన రఘుపతి కాకను ఎతక పంపిన. మంచిర్యాల బస్టాండుల దొరకలేదట. వచ్చేటప్పుడు బసంత్‌నగర్‌ల దిగి లారీలకాడ సూసిండట. ఎనుక నుంచి అచ్చం మనోడే! అదే మెడ, అవే చెవులు. లారీ ముంగటి అద్దం తుడుస్తున్నడట. "ఉపేందరూ" అని పిలిస్తే తిరిగి సూడలేదట. సిగ్గుతోని సూడలేదు, ఇంకేంది!

వాన్ని ఏమనకు. కడుపు నిండ తిననియ్యి. మంగళవారం నేనే వచ్చి ఆఫీసుకాడ కూసుంట. మా ఇంటాయన నౌకరి మాకు ఇయ్యిండ్రి అని అడుగుత.

నీ అత్త,
సమ్మవ్వ

తా.క.: ఉత్తరం మడిసినంక రఘుపతి మల్ల వచ్చి అసలు ముచ్చట చెప్పిండు. ఆ పిలగానికి చాయ తాగిపిచ్చి "మీ అమ్మ ఏడుస్తున్నది, ఇంటికి పా" అన్నడట. ఆ పిలగాడు గూడ ఏడ్సిండట. వాళ్లమ్మ ఒడిశాల ఉన్నదట. అంటే మనోడు ఇంకేదో లారీ తుడుస్తున్నట్టు.


గోదావరిఖని,
ఆదివారం.

అత్తమ్మకు సంతోషి నమస్కారాలు. ముందు కూర్చుని మంచినీళ్లు తాగండి. తర్వాత చదవండి. మంగళవారం బయలుదేరకండి.

ఆయన తుడిచేది లారీ అద్దాలు కాదు. అవి ఎండ నుంచి కరెంటు తీసే పలకలు. సోలార్ అంటారు. మన కంపెనీ బొగ్గు తవ్వడమే కాదు, ఇప్పుడు ఎండతో కూడా కరెంటు తీస్తున్నది. ఒకసారి డబ్బా ఇవ్వడానికి పోయి నేను కళ్లారా చూశాను. మక్క చేను సాళ్లలాగా వరుసలు వరుసలుగా నల్లటి పలకలు. పొగ లేదు, చప్పుడు లేదు. తవ్వేది లేదు, మోసేది లేదు, బ్లాస్టింగ్ లేదు. ఎండ పడుతుంటే కరెంటు తీగల్లోకి పోతూ ఉంటుంది.

కష్టాలు కూడా మీకు దాచను. రాత్రి కరెంటు పుట్టదు. మబ్బు పడితే తగ్గుతుంది. చాలా జాగ కావాలి. ఓపెన్‌కాస్టు గని దుమ్ము వచ్చి పలకల మీద పడితే పని మందగిస్తుంది, అందుకే కడగడం. అంటే ఆయన బొగ్గును వదిలినా బొగ్గు ఆయనను వదల్లేదు. వెతుక్కుంటూ పైకి వచ్చి తుడిపించుకుంటున్నది.

ఇక అసలు సంగతి. ఆయనను అక్కడ పెట్టింది మూడు నెలలకే. అక్కడే ఉంటారో, మళ్లీ గని దిగుతారో ఈ శనివారంలోగా కాగితం వ్రాసి ఇవ్వాలి. నేను అడిగితే "బాపు నౌకరి అది. అమ్మ ఎట్లంటే గట్ల" అంటారు. "మరి అత్తమ్మను అడగండి" అంటే "నాకు భయమైతది, నువ్వే అడుగు" అంటారు. నాకు మీరంటే ఇంకా ఎక్కువ భయమని ఆయనకు తెలియదు.

అత్తమ్మా, ఆయనను అక్కడే ఉండమని ఒక్క మాట చెప్పండి. గని దిగే రోజుల్లో వేళ కాని వేళ సైరన్ మోగితే నా చేతిలో ఏది ఉంటే అది జారిపోయేది. పొయ్యి మీద పాలు పొంగి ఇల్లంతా పారినా తెలిసేది కాదు. ఈ మూడు నెలల్లో మా ఇంట్లో పాలు పొంగలేదు.

మీ కోడలు,
సంతోషి

తా.క.: కంపెనీ క్వార్టర్లో కరెంటు ఉచితమని పక్కింటి లిల్లీ అక్క ఫ్యాను ఎప్పుడూ ఆపదు. ఇక నుంచి ఎండతో కూడా కరెంటు వస్తుందని చెప్పాను. "అయితే మా ఫ్యాను ఉడుకు గాలి కొడ్తదా?" అని అడిగింది. నాకు జవాబు తెలుసు కానీ సిగ్గుపడి చెప్పలేదు.


కమాన్‌పూర్,
మంగళవారం.

సంతోషికి అత్త రాసేది.

మంచినీళ్లు తాగిన, కూసున్న, సదివిన. నేను ఒప్పుకోను.

సూర్యుడంటే సర్కారు ఆఫీసరు తీరు బిడ్డా. పొద్దెక్కినంక వస్తడు, పొద్దుగూకక ముందే పోతడు, వానకాలం సెలవు పెడ్తడు. ఆయన్ని నమ్ముకొని సంసారం ఎట్ల చేస్తరు?

గాలి కరెంటు గూడ ఉన్నదని సదానందం ఫోన్ల సూపిచ్చిండు. తాటిచెట్టును మించిన కంబం, దానికి మూడు రెక్కలు. పొగ రాదు, కింద ఎవుసం గూడ చేసుకోవచ్చునట. మంచిదేగని మన దిక్కు గాలి మన మాట ఇంటదా? వడ్లు తూర్పార పడ్దామంటే రాదు. పిండి ఆరబోస్తే వస్తది.

నీళ్ల కరెంటంటవా? బుగ్గి లేదు, పొగ లేదు, గేటు ఎత్తితే కరెంటే. నా తల్లిగారి ఊరు అట్లనే ప్రాజెక్టు నీళ్లల్ల పోయింది. పుట్టింటికి పోవాలంటే నాకు ఈత రావాలె.

గోబర్ గ్యాసు మన ఇంట్లనే పెట్టినం, నువ్వు అప్పటికి రాలేదు. మంట నీలంగ, మంచిగ మండేది. మిగిలింది చేనుకు ఎరువు. ఏం ఫాయిదా? గ్యాసుకు పెండ గావాలె, పెండకు బర్రె గావాలె, బర్రెకు గడ్డి గావాలె, గడ్డికి నేను గావాలె. నాకు మోకాళ్లు నొచ్చినయి, గ్యాసు బందయింది.

బొగ్గు సూడు! రాత్రనక పగలనక, ఎండనక వాననక, పిలిస్తే పలుకుతది. మా ఇంటి బువ్వ అది. అందుకే వాడు బాయి దిగుడే మంచిది. నువ్వు రాసింది నాకు సాలలేదు. ఇంకా గట్టిగ రాయి. జల్ది రాయి.

నీ అత్త,
సమ్మవ్వ

తా.క.: మసి ఉన్న బట్టలు ఒక జత పంపు. చేనుల బొమ్మ ఇజ్జత్ పోతున్నది. నిన్న ఒక కాకి దాని జేబుల గూడు కట్టుడు షురూ చేసింది.


గోదావరిఖని,
గురువారం.

అత్తమ్మకు. నమస్కారం చివర్లో పెడతాను, ముందు నా కోపం వినండి.

బొగ్గు పిలిస్తే పలుకుతుందన్నారు. మరి మామయ్యను పిలిస్తే చివరి రెండేళ్లు ఏం పలికింది? ఆయన మాట కంటే ముందు దగ్గు పలికేది. ఆ బట్టలు పిండిన నల్లనీళ్లు మీకు గుర్తున్నాయి. అదే మసి ఆయన లోపలికి కూడా పోయింది. అది ఎవరు పిండారు?

మీరు చెప్పిన లోపాలన్నీ ఒప్పుకుంటాను. సూర్యుడు రాత్రి రాడు. గాలి మాట వినదు. నీళ్లు ఊరు ముంచుతాయి. పెండకు మీరు కావాలి. కానీ ఏ ఇల్లయినా ఒక్కరితోనే నడుస్తుందా? మీరు కోడి కూయక ముందే లేస్తారు, సదానందం టిఫిన్ చల్లారాక లేస్తాడు. అయినా మన ఇల్లు నడవడం లేదా? కరెంటు కూడా అంతే. పగలు ఎండ, ఎండ లేనప్పుడు గాలి, రెండూ లేనప్పుడు నీళ్లు, బ్యాటరీలు. అవన్నీ కుదిరే దాకా బొగ్గు ఉండనే ఉంటుంది. తవ్వినకొద్దీ బొగ్గు తరుగుతుంది. ఎంత వాడుకున్నా ఎండ తరగదు.

బొగ్గు తవ్వొద్దని నేను అనను, మనం తిన్నది దాని తిండే. మా ఆయన ఒక్కరిని వదిలేయమని అడుగుతున్నాను. మామయ్య నౌకరి ఎక్కడికీ పోలేదు. అది గనిలో నుంచి ఎండలోకి వచ్చింది, అంతే.

ఎల్లుండే ఆఖరు రోజు. మీరు ఏమన్నా సరే, గని దిగుతానని ఆయన వ్రాస్తే ఆ కాగితాన్ని నేను గడప దాటనివ్వను. మీ మాటకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. రెండుసార్లు కొట్టేసి మళ్లీ వ్రాశాను. ఇక కొట్టేయను.

మీ అబ్బాయికి మాత్రం ఏ దిగులూ లేదు. ఈలలు వేస్తున్నారు. రోజూ డ్యూటీ నుంచి రాగానే "అమ్మ ఏం రాసింది? నువ్వేం రాస్తున్నవ్?" అని అడిగి గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నారు. ఎండదెబ్బ తగిలిందేమో అని మజ్జిగ ఇస్తున్నాను.

నమస్కారం.
మీ కోడలు,
సంతోషి

తా.క.: కాకి బాధ తీరడానికి బొగ్గు మసి ఉన్న బట్టలు ఒక జత పంపుతున్నాను. పాత గని బట్టలే. అనుమానం పెట్టుకోకండి.


కమాన్‌పూర్,
శుక్రవారం.

మా కోడలు సంతోషికి, కడుపు నిండ దీవెనలు.

నువ్వు ఫికర్ చెయ్యకు. ఆ కాగితం వాడు సోమవారం నాడే ఆఫీసుల ఇచ్చిండు. "ఇక్కడనే ఉంట" అని రాసే ఇచ్చిండు.

సోలార్ అని నువ్వు రాసిన ఉత్తరం సోమవారం పొద్దున వచ్చింది గద. సదానందం ఫోను చార్జింగుకు పెట్టి చేనుకు పోయిండు. నేను అప్పుడే ఉపేందర్‌కు చేసిన. "నాకు చెప్పనందుకు నీ చెవులు మెలి పెడ్త. పా, ఇప్పుడే పోయి కాగితం ఇయ్యి" అన్న. పాలు పొంగిన ముచ్చట సదివినంక ఇంకేం అడగాలె బిడ్డా? సైరన్ మోగితే నేను గూడ ఎన్ని గిన్నెలు మాడగొట్టిననో మీ మామకు ఎరుక.

మరి మంగళవారం ఒప్పుకోనని ఎందుకు రాసిన అంటవు. నువ్వు మా ఇంటికొచ్చినప్పటి సంది "ఊ" తప్ప ఇంకో మాట ఇన్నానా? కోడలుకు నోరు లేదేమో, లేకుంటే నేనంటే గిట్టదేమో అనుకున్న. ఉత్తరాలల్ల సూస్తే ఇంత ముచ్చట ఉన్నది! నేను "సరే" అంటే నువ్వు మల్ల "ఊ" అని ఊకుంటవు. అందుకే ఒప్పుకోలే. వాన్ని గూడ చెప్పొద్దన్న. ఈలలు ఎందుకేస్తున్నడో ఇప్పుడు సమజైందా? మజ్జిగ బంజెయ్యి.

మామ ముచ్చట రాసినవు సూడు, అది ఆయన ఫొటో ముంగట నిలబడి మల్ల సదివిన. ఇంట్ల ఆ మాట ఇప్పటిదాక ఎవలు అనలేదు. నువ్వన్నవు. మంచిగనే అన్నవు.

ఇంకోటి చెప్త, సదానందానికి తప్ప ఎవలకు తెల్వదు. దిష్టిబొమ్మను సూసి అడవి పందులు ఏనాడు భయపడలే. రెండేండ్ల కింద చేను సుట్టు జట్కా తీగ పెట్టిచ్చిన. పంది తాకితే ఒక్క దెబ్బ గుంజి ఇడుస్తది, సావది. దాని డబ్బాకు కరెంటు ఎక్కడిదనుకున్నవు? ఎండదే! పగలు బ్యాటరీ నింపుకుంటది, రాత్రి కావలి కాస్తది. ఊర్లె తెలిస్తే "బొగ్గుబాయి సమ్మవ్వ ఎండ కరెంటు పెట్టింది" అని నవ్వుతరని ఆ పలకను బొమ్మ ఈపుకు కట్టిన. ముంగట నుంచి సూస్తే బాయి డ్యూటీ, ఎనుక నుంచి సూస్తే సోలార్ డ్యూటీ. అచ్చం నీ మొగని తీరే.

ఇగ దాసుడు లేదు. రేపు పలకను ముంగటికి తిప్పి కడ్త.

నీ అత్త,
సమ్మవ్వ

తా.క. ఒకటి: మసి బట్టలు అందినయి. అది బొగ్గు గాదు బిడ్డా, పెనం మసి. జొన్నరొట్టె వాసన వస్తున్నది. సదానందానికి ఆకలైంది. పొద్దుగాల ఆ బట్టలు తొడిగితే కుక్కలు గూడ బొమ్మ ఎనుకనే తిరుగుతున్నయి.

తా.క. రెండు: గాలి కరెంటు మీద నువ్వు సరిగ జవాబు చెప్పలేదు. మల్ల రాయి. నేనైతే ఒప్పుకోను.