టర్కీలకు నట్టల మందు తాగించిన పిలుపు

మంగళవారం, రాత్రి

ఇవాళ కోళ్ళకు, కడుపులో పురుగులు పోవడానికి, నట్టల మందు పట్టాను. నిన్న చీకటి పడగానే గూట్లోంచి నీళ్ళ బేసిన్ తీసేశాను. దాహం మీద ఉంటేనే మందు కలిపిన నీళ్ళు తాగుతాయి. పొద్దున గూడు తెరవగానే నాటుకోళ్ళు మందు కలిపి పెట్టిన బేసిన్ మీద ఎగబడ్డాయి. టర్కీలు మాత్రం దడి పక్కనే నిలబడిపోయాయి. కృత్తివెన్నులోని పుట్టింటి నుంచి అత్తయ్య పిల్లలుగా తెచ్చి పెంచినవి అవి. ఆవిడ పోయాక నేను వేసిన మేత తింటున్నాయి కానీ, పిలిస్తే ఒక్కటీ రాదు.

"కోళ్ళలో ఉండే పురుగు టర్కీలకు సోకితే బతకడం కష్టమండీ," అన్నారు మొన్న మందు ఇస్తూ పశువుల డాక్టరు గారు. ఎలాగైనా తాగించాలి.

అటూ ఇటూ చూసి, అత్తయ్యలా గొంతు కాస్త బొంగురు చేసి, "రండర్రా నా బంగారాలూ, బో బో బో" అని పిలిచాను. మెడలు చాచుకుని పరుగెత్తుకొచ్చి బేసిన్‌లో ముక్కులు పెట్టాయి. నాకు నవ్వొచ్చింది.

అంతలో ఇంట్లోంచి మావయ్యగారు, "వస్తన్నానే, అరవమాక!" అన్నారు.

అత్తయ్య కేకేసినప్పుడల్లా అలాగే విసుక్కునేవారు. కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, దొడ్డంతా వెతికినట్టు చూసి, చివరికి నన్ను చూశారు.

"నువ్వామ్మా," అన్నారు.

ఆవిడ గొంతు నాలోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియడం లేదు. ఇంకెప్పుడూ అలా పిలవకూడదనుకున్నాను.

రాత్రి అన్నం కలుపుతూ, తలెత్తకుండానే మావయ్యగారు అడిగారు.

"టర్కీలకు మళ్ళీ ఎప్పుడు పడతావమ్మా, మందు?"